ఇక్బాల్‌ను తీర్చిదిద్దిన గురువులు

మహాకవుల జీవితాలను, తత్త్వవేత్తల జీవితాలను చదివేటప్పుడు మనము కొమ్మలనున్న ఫలాలను చూచి సంతోషిస్తాము గాని, నేలలో దాగిన వేళ్లను గురించి అంతగా ఆలోచించము. అల్లామా ముహమ్మద్ ఇక్బాల్ విషయములో ఈ మాట మరింత నిజము. తెలుగు విద్యార్థులలో పలువురికి ఆయన ‘తరానా-ఎ-హింద్’ గీతకర్తగా మాత్రమే తెలుసు. ఉర్దూ విద్యార్థులకు ‘షిక్వా’, ‘జవాబె షిక్వా’ కావ్యాల కర్తగా తెలుసు. మరికొందరికి 1930లో అలహాబాదు ముస్లిం లీగు మహాసభలో ఆయన చేసిన అధ్యక్షోపన్యాసము మాత్రమే తెలుసు. ఆ ఉపన్యాసమును గురించి చరిత్రకారులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదములోనికి మేము ప్రవేశించడము లేదు. సియాల్‌కోటలో ఒక దర్జీ ఇంట పుట్టిన బాలుడు ముప్పయి ఏండ్ల వయసుకే మ్యూనిక్ విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము ఎట్లా పొందగలిగినాడు? తూర్పు పడమరల తత్త్వశాస్త్రాలను రెండింటినీ జీర్ణించుకొని తనదంటూ ఒక దర్శనమును ఎట్లా నిర్మించుకున్నాడు? అతనిని ఆ దారిలో నడిపించిన చేతులెవరివి? మా దృష్టి ఈ ప్రశ్నల మీదనే ఉన్నది.

ఇది ఉర్దూ శాఖవారు వ్రాయవలసిన విషయము కదా, తెలుగు బోధించే వారికెందుకని కొందరు అనుకోవచ్చును. మన కళాశాల సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలై నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. ఒక వైపు నుండి చదివేవారు పుస్తకమును తిప్పి రెండవ వైపు చూడడము అరుదు. అందుచేతనే ఈ వ్యాసమును తెలుగు వైపున వ్రాయదలచినాము.

ఇక్బాల్ 1877 నవంబరు 9వ తేదీన పంజాబులోని సియాల్‌కోటలో జన్మించాడు. పూర్వులు కాశ్మీరీ బ్రాహ్మణులు. సప్రూ శాఖకు చెందినవారు. ఇస్లామును స్వీకరించిన తరువాత కొన్ని తరాలకు ఆ కుటుంబము కాశ్మీరు విడిచి సియాల్‌కోటలో స్థిరపడినది. తన బ్రాహ్మణ వంశమూలమును ఇక్బాల్ ఎన్నడూ దాచుకోలేదు. కవిత్వములో సగర్వముగానే చెప్పుకున్నాడు. తండ్రి షేక్ నూర్ ముహమ్మద్ గారు కుట్టుపని చేసి సంసారము నడిపేవారు. బడి చదువు లేకపోయినా సూఫీల సాంగత్యము వలన, ఆలోచన వలన సంపాదించిన జ్ఞానమును చూచి ఊరివారు ఆయనను ‘చదువురాని తత్త్వవేత్త’ అని పిలిచేవారు. తల్లి ఇమామ్ బీబీ గారు. 1914లో ఆమె మరణించినప్పుడు ఇక్బాల్ వ్రాసిన స్మృతికావ్యము ఉర్దూ సాహిత్యములోని ఉత్తమ విలాపకావ్యాలలో ఒకటిగా నిలిచినది.

తండ్రి నుండి ఇక్బాల్ పొందినవి రెండు ముఖ్యమైన పాఠాలు. రెండింటినీ అతడే స్వయముగా చెప్పుకున్నాడు. మొదటిది: ఇక్బాల్ చిన్ననాట ప్రతిదినము ఉదయపు నమాజు తరువాత ఖురాను చదివేవాడు. ఒకనాడు తండ్రి దగ్గరకు వచ్చి, ఆ గ్రంథము నీ మీదనే అవతరిస్తున్నదన్న భావముతో చదివినప్పుడే అది నీకు అర్థమవుతుందని బోధించినారు. రెండవది మరింత కఠినమైన పాఠము. ఒక బిచ్చగాడు వాకిట నిలిచి ఎంతసేపటికీ కదలకపోతే, బాలుడైన ఇక్బాల్ కోపము పట్టలేక కర్రతో అతని తలపై కొట్టినాడు. బిచ్చగాడు అడిగి తెచ్చుకున్నదంతా నేలపాలయినది. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు, కన్నీరు పెట్టుకున్నారు. ‘ఒక చిన్న బిడ్డను నీ చేతికి అప్పగిస్తే వానిని మనిషిగా చేయలేకపోయినావా అని ప్రళయదినమున ప్రవక్త అడిగితే నేనేమి జవాబు చెప్పుకోగలను?’ అని దుఃఖించినారు. ఈ సంఘటనను ఇక్బాల్ 1918లో ప్రకటించిన ‘రుమూజె బేఖుదీ’ అనే పారశీక కావ్యములో వర్ణించినాడు. లోకమంతా తన పేరు తెలుసుకున్న కాలములో తన బాల్యపు తప్పిదమును దాచుకొనక కావ్యవస్తువుగా చేసుకున్నాడంటే, ఆ కన్నీరు అతని హృదయములో ఎంత లోతుగా ఇంకినదో మనము ఊహించుకోవచ్చును. మనిషి మనిషిగా తయారు కావాలన్న చింత అతని తత్త్వమంతటా కనిపిస్తుంది. దాని బీజము ఆ దర్జీ ఇంటి వాకిట పడినది.

నూర్ ముహమ్మద్ గారు మొదట తన కుమారునికి మతవిద్య మాత్రమే చెప్పించదలచి మసీదులోని మక్తబుకు పంపినారు. సయ్యద్ మీర్ హసన్ గారు ఆ బాలుని అక్కడ చూచి, అతని ముఖములోని తేజస్సును గుర్తించి, ఇతనిని నాకు అప్పగించండని తండ్రిని కోరినారు. అరబీ పారశీక భాషలలో మీర్ హసన్ గారు మహాపండితులు. మతనిష్ఠ గల ఆలిము. అయినప్పటికీ సర్ సయ్యద్ అహమద్ ఖాన్ అలీగఢ్ ఉద్యమమును మనసారా సమర్థించినవారు. క్రైస్తవ మిషనరీల స్కాచ్ మిషన్ విద్యాసంస్థలో అధ్యాపకులుగా పనిచేసేవారు. ఇంగ్లీషు చదువు మతమును పాడుచేస్తుందని పెద్దలు భయపడుతున్న ఆ రోజులలో, ఆ ఆలిమే తన శిష్యుని చేయి పట్టుకొని మిషన్ పాఠశాలలో చేర్పించినారు. తండ్రి కూడా అంగీకరించినారు. పగలు పాఠశాలలో ఇంగ్లీషు, గణితము. మిగిలిన వేళలలో గురువుగారి ఇంట సాదీ, హాఫిజ్, రూమీ మొదలైనవారి కావ్యాలు. ఈ రెండు చదువులకు నడుమ గోడ ఉన్నదన్న సంగతియే ఆ బాలునికి తెలియకుండా మీర్ హసన్ గారు పెంచినారు.

ఆ రోజులను గురించిన ఒక ముచ్చటను ఉర్దూ లోకములో అందరూ చెప్పుకుంటారు. ఒకనాడు ఇక్బాల్ తరగతికి ఆలస్యముగా వచ్చినాడట. ఎందుకాలస్యమైనదని గురువు అడిగితే, ‘ఇక్బాల్ ఎప్పుడూ ఆలస్యముగానే వస్తుంది’ అన్నాడట. ‘ఇక్బాల్’ అంటే అదృష్టము, అభ్యుదయము అని అర్థము. కథ నిజమో కాదో గాని, శ్లేషను విని ఆనందించగల గురువు దొరికిన శిష్యుడు అదృష్టవంతుడనడములో సందేహము లేదు.

1893లో మెట్రిక్యులేషను, 1895లో ఇంటర్మీడియట్ పూర్తి చేసి ఇక్బాల్ లాహోరు గవర్నమెంటు కాలేజీలో చేరినాడు. చదువు వ్యయమును ఎక్కువగా భరించినది అన్నగారు షేక్ అతా ముహమ్మద్. 1897లో బి.ఏ., 1899లో తత్త్వశాస్త్రములో ఎం.ఏ. పట్టాలు లభించినాయి. విద్యార్థి దశలోనే అతని గజళ్లు ముషాయిరాలలో పేరు తెచ్చుకున్నాయి. కవిత్వములో గురువు కావాలని కోరుకున్న ఆ యువకుడు ఎంచుకున్నది మన దక్కనులో ఉన్న మహాకవిని.

నవాబ్ మీర్జా ఖాన్ దాగ్ దెహలవీ గారు ఆనాడు హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారికి కవితాగురువు. ఉర్దూ నుడికారమునకు ఆయన మాటయే ప్రమాణము. దేశము నలుమూలల నుండి యువకవులు తమ గజళ్లను తపాలా ద్వారా ఆయనకు పంపి దిద్దించుకునేవారు. ఈ దిద్దుబాటును ఇస్లాహ్ అంటారు. సియాల్‌కోటలో పుట్టిన పంజాబీ యువకుడు హైదరాబాదు చిరునామాకు గజళ్లు పంపడము, అవి సవరణలతో తిరిగి అతనికి చేరడము కొంతకాలము జరిగినది. త్వరలోనే దాగ్ గారు, నీ కవిత్వములో దిద్దవలసినది చాల తక్కువ, ఇక పంపనవసరము లేదని వ్రాసివేసినారు. గురుత్వము అంతటితో ముగిసినా అనుబంధము ముగియలేదు. ఇక్బాల్ కవితను దిద్దినానని దాగ్ గర్వముగా చెప్పుకోవడము దక్కనులో తాను స్వయముగా విన్నానని, ఇక్బాల్ మిత్రుడు షేక్ అబ్దుల్ ఖాదిర్ గారు ‘బాంగె దరా’ పీఠికలో వ్రాసినారు. 1905లో దాగ్ మరణించినప్పుడు ఇక్బాల్ ఒక స్మృతికవిత వ్రాసి గురువు ఋణము తీర్చుకున్నాడు.

మేము ఎం.ఏ. చదివే రోజులలో ఒక గురువారము నాడు నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాకు వెళ్లి, అక్కడనే ఉన్న దాగ్ సమాధిని చూచినాము. పూలు అమ్మేవారి కేకలు, ఖవ్వాలీ, జనసమ్మర్దము. వాటి నడుమ ఒక కవి నిద్రిస్తున్నాడన్న ధ్యాస అక్కడ ఎవరికీ ఉన్నట్టు తోచలేదు. ఆనాటికి నన్నయ, తిక్కనలు మాకు పాఠ్యాంశాలు; దాగ్, ఇక్బాల్‌లు ఇంట మా తండ్రిగారు చదివే పద్యాలు. ఒకరు కళాశాలకు, మరొకరు ఇంటికి చెందినవారని అనుకునేవారము. ఇక్బాల్ ఉత్తరాలు వచ్చి చేరినది మేము చదువుకుంటున్న నగరానికేనని ఆ సమాధి దగ్గర నిలిచినప్పుడు తోచినది. ఆ పద్యాలు మా ఇంటివే కాక మా నేలవి కూడానని ఆనాడు గ్రహించినాము.

ఇక లాహోరులో లభించిన గురువు ప్రొఫెసర్ థామస్ ఆర్నాల్డ్. ఆయన అంతకు ముందు పదేండ్లు అలీగఢ్ కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించినారు. అక్కడ మౌలానా షిబ్లీ నుమానీ వద్ద అరబీ నేర్చుకొని, ఆయనకు ఫ్రెంచి నేర్పినారు. ఇస్లాము వ్యాప్తిని గురించి 1896లో ఒక ప్రసిద్ధ గ్రంథము వ్రాసినారు. 1898లో లాహోరు వచ్చిన ఆర్నాల్డ్ తత్త్వశాస్త్రములో ఇక్బాల్‌కు గురువైనారు, తరువాత మిత్రుడైనారు. పాశ్చాత్య పరిశోధనా పద్ధతి, ఒక ఊహను తుదివరకు తర్కించి చూచే అలవాటు ఆయన వలననే ఇక్బాల్‌కు అబ్బినాయి. 1904లో ఆర్నాల్డ్ స్వదేశము వెళ్లిపోగా ఇక్బాల్ ‘నాల-ఎ-ఫిరాఖ్’ అనే వియోగకవిత వ్రాసినాడు. ఒక ఇంగ్లీషు అధ్యాపకుని ఎడబాటుకు ఒక భారతీయ యువకుడు ఉర్దూలో కన్నీరు కార్చడము పాలకులు పాలితులుగా విడిపోయిన ఆ కాలములో సామాన్య విషయము కాదు.

ఈ సంవత్సరాలలో ఇక్బాల్ లాహోరు ఓరియంటల్ కాలేజీలోను, గవర్నమెంటు కాలేజీలోను అధ్యాపకుడుగా పనిచేసినాడు. 1901 ఏప్రిలులో అబ్దుల్ ఖాదిర్ స్థాపించిన ‘మఖ్జన్’ పత్రిక తొలి సంచికలో అతని ‘హిమాలా’ కవిత వెలువడినది. 1904లో ఉర్దూలో అర్థశాస్త్ర గ్రంథము ప్రకటించినాడు. గాయత్రీ మంత్రమును ‘ఆఫ్తాబ్’ అనే పేరుతో ఉర్దూ కవితగా అనువదించినదీ 1905కు పూర్వమే. లాహోరులో గణితము బోధించి తరువాత సన్యసించిన స్వామి రామతీర్థతో అతనికి స్నేహముండేది. 1906లో ఆ స్వామి గంగలో మునిగి మరణించగా ఇక్బాల్ ఆయనపై కవిత వ్రాసినాడు. ఇంటి వాకిట తండ్రి నేర్పిన సూఫీ దృష్టియే అతనికి ఈ చూపును ఇచ్చినదని మా అభిప్రాయము.

ఆర్నాల్డ్ ప్రోత్సాహముతో 1905లో ఇక్బాల్ ఐరోపాకు బయలుదేరినాడు. దారిలో ఢిల్లీలో ఆగి హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దర్గా వద్ద ఒక విన్నపమును కవితగా సమర్పించినాడు. అందులో తనకు విద్య కావాలని వేడుకున్నాడు. తల్లిదండ్రులను, మీర్ హసన్ గారిని, అన్నగారిని తలచుకున్నాడు. సముద్రము దాటబోయే వేళ అతడు తలచినది తన్ను మోసి తెచ్చిన ఈ నలుగురినే.

కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో హెగెల్ తత్త్వమును వ్యాఖ్యానించిన మెక్‌టగార్ట్, మానసికశాస్త్ర పండితుడు జేమ్స్ వార్డ్ గురువులుగా లభించినారు. 1907లో జర్మనీ వెళ్లి హైడల్‌బర్గులో ఎమ్మా వేగెనాస్ట్ వద్ద జర్మను భాషను, గేటే కవిత్వమును అభ్యసించినాడు. పారశీక దేశములో తత్త్వచింతన పరిణామముపై సమర్పించిన పరిశోధనకు అదే సంవత్సరము మ్యూనిక్ విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము ప్రదానము చేసినది. 1908లో లండనులో అచ్చయిన ఆ గ్రంథమును ఇక్బాల్ ఆర్నాల్డ్‌కు అంకితము చేసినాడు.

ఈ మూడేండ్ల నడుమనే ఒక గండము వచ్చి దాటిపోయినది. కవిత్వము నిష్ప్రయోజనమని, దానిని వదలి ఉపయోగకరమైన పని చేయదలచినానని ఇక్బాల్ ఒకనాడు అబ్దుల్ ఖాదిర్‌తో అన్నాడు. నీ కవిత్వము జాతికి అవసరమని మిత్రుడు వాదించినాడు. తుదకు తీర్పు ఆర్నాల్డ్‌కు అప్పగించినారు. కవిత్వము మానవద్దు, దానిపై వెచ్చించే కాలము నీకు, నీ దేశమునకు కూడా ఉపయోగకరమేనని ఆయన తీర్పు చెప్పినారు. ఉర్దూ పారశీక కవిత్వమునకు ఇక్బాల్‌ను తిరిగి అప్పగించినది ఒక ఇంగ్లీషు గురువు! 1915లో ‘అస్రారె ఖుదీ’, 1924లో ‘బాంగె దరా’ మొదలైన గ్రంథాలన్నీ ఆ తీర్పు తరువాత వచ్చినవే.

ఇక్బాల్ 1910లో తన ఆలోచనలను ఒక చిన్న పుస్తకములో ఇంగ్లీషున వ్రాసుకున్నాడు. అతని మరణానంతరము 1961లో అది అచ్చయినది. అందులో తనపై ప్రభావము చూపిన ఐదుగురిని పేర్కొన్నాడు: హెగెల్, గేటే, గాలిబ్, బేదిల్, వర్డ్స్‌వర్త్. హెగెల్, గేటేలు తనను వస్తువుల అంతరార్థములోనికి తీసుకుపోయినారని, విద్యార్థి దశలో నాస్తికత నుండి తనను కాపాడినవాడు వర్డ్స్‌వర్త్ అని ఒప్పుకున్నాడు. విదేశీయ ఆదర్శాలను స్వీకరించిన తరువాత కూడా భావములోను, అభివ్యక్తిలోను ప్రాచ్యుడుగానే నిలవడము బేదిల్, గాలిబ్‌లు నేర్పినారని అన్నాడు. ఒక ముసల్మాను యువకుని దైవవిశ్వాసమును కాపాడినది ఒక ఇంగ్లీషు కవి. అతని ప్రాచ్యత్వమును కాపాడినది స్వభాషలోని కవులు. ఎవరి వలన ఏమి పోతుందోనని మనము భయపడతాము గాని, ఎవరి వలన ఏది నిలుస్తుందో ముందుగా చెప్పగలవారెవరు?

ఈ ప్రశ్న మాకు కేవలము గ్రంథస్థమైనది కాదు. ప్రతి సంవత్సరము చేరికల వేళ కొందరు తండ్రులు, ‘మా పిల్లవానికి ఉర్దూ, అరబీ ఉన్నాయి కదా సార్, తెలుగు ఎందుకు?’ అని మమ్మల్ని అడుగుతారు. బయట సాహిత్య సభలలో మరికొందరు, ‘ముస్లిములై ఉండి తెలుగు ఇంత చక్కగా ఎట్లా చెబుతున్నారు?’ అని ఆశ్చర్యపోతారు. మొదటి ప్రశ్నలో భయము, రెండవ ప్రశ్నలో మెచ్చుకోలు ఉన్నాయి. కాని రెండింటి అడుగున ఉన్న ఊహ ఒక్కటే. ఒకటి పట్టుకుంటే రెండవది జారిపోతుందన్నదే ఆ ఊహ.

దీనికి సమాధానము మేము మా తరగతిలోనే చూచినాము. భర్తృహరి సుభాషితాలను 18వ శతాబ్దికి చెందిన ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యాలలో పాఠము చెబుతున్నాము. మూర్ఖుని మంచిమాటలతో మార్చబూనడము పూవు కొనతో వజ్రమును కోయబూనడము వంటిదన్న భావము వచ్చినప్పుడు, ఇక్బాల్ 1935లో ప్రకటించిన ‘బాలె జిబ్రీల్’ గ్రంథాన్ని భర్తృహరి పేరు చెప్పి ఈ భావముతోనే ఆరంభించినాడని చెప్పినాము. అంతవరకు తెలుగు తరగతిలో నోరు విప్పని ఒక బాలిక, ఉర్దూ మాధ్యమములో చదివి వచ్చినది, లేచి నిలిచి ఆ ఉర్దూ పంక్తులను తడుముకోకుండా చదివినది. తరువాత తెలుగు పద్యమును మరల ఒకసారి చదవండి సార్ అని అడిగినది. సంస్కృత కవి భావము ఉర్దూలోనికి, తెలుగులోనికి వేరువేరు దారులలో వచ్చి ఆనాడు మా తరగతి గదిలో కలుసుకున్నది. ఆ బాలిక ఉర్దూ ఏమీ తరిగిపోలేదు. పైగా అదే ఆమెకు తెలుగు వాకిలి తెరిచినది.

ఇక్బాల్ గురువులందరినీ ఒక్కచోట నిలిపి చూస్తే వారిలో ఒక సామాన్య గుణము కనిపిస్తుంది. ఎవరూ శిష్యుని తమకు కట్టివేసుకోలేదు. తండ్రి తన కోరికను మార్చుకొని మీర్ హసన్ గారికి అప్పగించినారు. మీర్ హసన్ గారు తమ అరబీ పారశీకాలను పూర్తిగా ఇచ్చి ఇంగ్లీషు చదువు వైపు పంపినారు. దాగ్ గారు దిద్దవలసినది లేదనగానే విడిచిపెట్టినారు. ఆర్నాల్డ్ ఐరోపాకు దారి చూపి, అక్కడ నుండి స్వభాషాకవిత్వము వైపు మరల్చినారు. ప్రతివారు తమ వద్ద ఉన్నది ఇచ్చి ముందుకు పంపినారు. అధ్యాపకులమైన మాకు ఇంతకు మించిన పాఠము లేదు.

1922లో ప్రభుత్వము సర్ బిరుదము ఇవ్వజూపినప్పుడు, ముందు నా గురువు మీర్ హసన్ గారిని గౌరవించండని ఇక్బాల్ పట్టుబట్టినాడు. ఆయన వ్రాసిన గ్రంథాలేవని గవర్నరు అడిగితే, ‘ఆయన గ్రంథమును నేనే’ అన్నాడని చెబుతారు. మీర్ హసన్ గారికి షమ్స్-ఉల్-ఉలమా బిరుదము లభించినది. ఆ తరువాతనే, 1923లో, ఇక్బాల్ సర్ అయినాడు.

విద్యార్థులారా! మీలో ప్రతి ఒక్కరికీ ఇంట ఒక నూర్ ముహమ్మద్, ఊరిలో ఒక మీర్ హసన్ ఉండే ఉంటారు. వారు బడి చదువు లేనివారు కావచ్చును. ఇంగ్లీషు రానివారు కావచ్చును. వారు ఇచ్చినది వదలకండి. ఇక్కడ ఇచ్చేది కాదనకండి. ఈ సంచికను ఒక వైపు నుండి చదివి ముగించిన తరువాత, దయచేసి రెండవ వైపు కూడా తిప్పి చూడండి.